కూనిరాగం పరీక్ష

నాకొక మిత్రుడున్నాడు. పగలు ఉద్యోగం, రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని సైకెడెలిక్ ట్రాన్స్ తయారుచేయడం. రాత్రంతా నృత్యం చేయడానికి వాయించే ఎలక్ట్రానిక్ సంగీతం అది, ముద్దుపేరు సైట్రాన్స్. పదేళ్లుగా మా ఇద్దరి మధ్య ఒకే తగాదా నడుస్తోంది. దానికి మూలమైన, గోవా తీరపు పార్టీల్లో రూపుదిద్దుకున్న 1990ల నాటి గోవా ట్రాన్స్ వాడి దృష్టిలో మ్యూజియం సరుకు. "ఆ బేస్ విను, బురదలో కాళ్లీడ్చినట్టుంటుంది" అంటాడు. వాడు ప్రాణం పెట్టే ఇప్పటి సైట్రాన్స్ నా చెవికి బాగా తోమిపెట్టిన ఖాళీ గిన్నె. ఒకరోజు విసుగు పుట్టి వాడికి ఓ పరీక్ష పెట్టాను.

"ఈ ఏడాది నీకు బాగా నచ్చిన ట్రాక్ ఒకటి తలుచుకో. తలుచుకున్నావా? ఇప్పుడు కూనిరాగం తీయి."

వాడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచి పెదవులతో "డుక్-డుగుడు డుక్-డుగుడు" అన్నాడు. అది ఏ ట్రాక్ అయినా కావచ్చు కదా అన్నాను. వాడికి కోపం వచ్చింది. అప్పుడు నేను 'మ్యాన్ విత్ నో నేమ్' అన్న పేరుతో ఒక గోవా ట్రాన్స్ సంగీతకారుడు 1996లో వెలువరించిన 'మూమెంట్ ఆఫ్ ట్రూత్' ఆల్బమ్ నుంచి ఒక వరుస ఎత్తుకున్నాను. నాది గొంతు కాదు, గరగర. అయినా రెండో ఆవృత్తం పూర్తయ్యేలోగా వాడు పేరు చెప్పేశాడు. మ్యూజియం సరుకు అని తీసిపారేసిన మనిషే!

నా వాదన మొత్తం అంతే. పాత గోవా ట్రాన్స్ స్వరాలతో ఆలోచించిన సంగీతం, తర్వాత వచ్చింది శబ్దంతో ఆలోచించిన సంగీతం. రెండోది చేతకానిదని నేననను. చేతనైనదే, అతిగా చేతనైనది. పోయిందేమిటో మాత్రం చెప్పాలనుంది.

ఈ సంగీతం నాకు దొరికిన తీరు చెబితే పాత అభిమానులు చాలామంది తమ కథే అనుకుంటారు. ఎవరో ఎవరికోసమో కాపీ చేసిన సీడీ. మీద స్కెచ్ పెన్నుతో 'గోవా' అన్న రెండక్షరాలు తప్ప మరేమీ లేదు. లోపల పాటల పేర్లన్నీ తప్పులే. ఆ రోజుల్లో ఊరూపేరూ తెలియని ప్రతి ట్రాన్స్ ఫైలుకూ ఎవరో ఒకరు 'జూనో రియాక్టర్' అనో 'ఇన్‌ఫెక్టెడ్ మష్రూమ్' అనో పేరున్న బృందం పేరు తగిలించేసేవారు. అందుకే ఏది ఎవరిదో తెలియకుండానే అన్నీ కంఠతా వచ్చేశాయి. హల్యూసినోజెన్ పేరుతో సైమన్ పాస్‌ఫర్డ్ చేసిన 'ట్విస్టెడ్' (1995), ఇటలీ బృందం ప్లీయాడియన్స్ 'ఐఎఫ్ఓ' (1997), ఇజ్రాయెల్ వాళ్లు ఆస్ట్రల్ ప్రొజెక్షన్ 'డాన్సింగ్ గెలాక్సీ' (1997). పేర్లు తర్వాత ఒక్కొక్కటిగా తెలిశాయి. చిన్నప్పటి నుంచి ముఖం మాత్రమే తెలిసిన మనిషి పేరు ఇన్నేళ్లకు విన్నట్టుండేది.

కొత్తవాళ్లు మొదట చేసే ఫిర్యాదు ఒకటే: మొదటి నుంచి చివరిదాకా ఒకే బీటు. నిజమే. నిమిషానికి 140 దెబ్బలు, కాస్త అటూ ఇటూ. ఎనిమిది నిమిషాలు ఆ దెబ్బ మారదు. దాని కింద ఆధార స్వరం కూడా దాదాపు మారదు. పాశ్చాత్య పాటలు ఒకేసారి మోగే స్వరాల గుంపులను (కార్డ్స్) మార్చుకుంటూ పోతే ఇది ఒక్కచోటే కాళ్లు పాతుకుని నిలబడుతుంది. కానీ తంబురా విని "ఇదేమిటి, ఇంకా అదే షడ్జమా" అని కచేరీలోంచి లేచిపోయినవాళ్లను నేను చూడలేదు. బీటు ఇక్కడ శ్రుతి చేసే పని చేస్తోందని గ్రహిస్తే సగం ఫిర్యాదు పోతుంది. వినవలసింది దాని మీద కదిలేదాన్ని.

ఆ కదిలేది ఎలా పనిచేస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. దెబ్బకూ దెబ్బకూ మధ్య కాలాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్వరం వేసుకుంటూ ఒక వరుస మొదలవుతుంది. నాలుగు దెబ్బల ఆవృత్తానికి పదహారు ముక్కలు. ఇప్పుడు మూడేసి స్వరాల గుంపులతో ఇంకో వరుసను దీని మీద వదులుతారు. పదహారు మూడుతో భాగింపబడదు కాబట్టి రెండో వరుస ప్రతి ఆవృత్తంలోనూ కాస్త జారిపోతుంది. మూడు ఆవృత్తాలు, అంటే 48 ముక్కలు గడిచాక గానీ రెండూ మళ్లీ ఒకేచోట కలవవు. నాలుగు లెక్క చతురశ్రం మీద మూడు లెక్క తిశ్రం నడిస్తే ఎలా ఉంటుందో తాళం వేసిన చేతికి తెలుసు. దీనిమీద మూడో వరుస, నాలుగో వరుస. 'ఐఎఫ్ఓ'లో ఒక దశలో ఎన్ని వరుసలు నడుస్తున్నాయో ఇరవైసార్లు విన్నా లెక్క తేలలేదు నాకు. లెక్కపెట్టడం మానేసిన రోజున అవన్నీ కలిసి ఒక పెద్ద వరుసగా వినిపించాయి. ఏ ఒక్క యంత్రమూ వాయించని వరుస అది.

స్వరాల సంగతి ఇంకా ఆసక్తికరం. పాత ట్రాక్‌లలో ఎక్కువ భాగం పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచే మెట్ల మీద నడుస్తాయి. మన కర్ణాటక సంగీతపు మేళకర్త లెక్కలో అవి ఎనిమిదోదైన హనుమతోడి స్వరాలు. గాంధారం ఒక్కటి పైకి జరిపితే పద్నాలుగోది, వకుళాభరణం. ఎడారి గాలి, గుడి గంట, ఇంకా ఏవేవో ఊహలు ఈ సంగీతానికి అంటుకోవడానికి అసలు కారణం షడ్జమాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఆ శుద్ధ రిషభం. అలాగని ఇవి రాగాలని అనబోవడం లేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చే పలుకుబడి, లేని తోడిని తోడి అంటే తోడి అభిమానులు నన్ను బతకనివ్వరు. మెట్లు మాత్రమే అవి, నడక వేరు.

గమకానికి కాస్త చేరువగా వచ్చిన యంత్రం మాత్రం ఒకటుంది. రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో తెచ్చిన టీబీ-303. గిటారు వాయించేవాడికి తోడుగా బేస్ వాయించే పెట్టెగా అమ్మారు. బేస్‌కు నకలుగా ఘోరంగా విఫలమై కొద్ది ఏళ్లకే తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికిన ఆ పెట్టెను షికాగో కుర్రాళ్లు పైన వరుసగా ఉన్న మీటలు తిప్పుతూ అరిపించారు. యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీతం అలా పుట్టింది. గోవా ట్రాన్స్ దాన్నే తీసుకుని పాడించింది. 303లో ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జార్చే 'స్లైడ్' ఉంది. మన జారుకు పేద బంధువు. దాని మీద 'యాక్సెంట్' పడితే ఆ స్వరం ముక్కుతో మూలిగినట్టు పైకి లేస్తుంది. మీట నెమ్మదిగా తిరుగుతూ పోతే, వరుసలో ఒక్క స్వరం మారకుండానే అది గొణుగుడు నుంచి కేక దాకా ప్రయాణం చేస్తుంది. ఆ ప్రయాణానికి రెండు నిమిషాలు పడుతుంది. ఓపికగా విన్నవాడికే దక్కే వినోదం అది.

ఇంత ఓపిక ఆ రోజుల్లో వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? ఆధ్యాత్మికత అనీ సముద్రతీరమనీ చంద్రోదయమనీ అంటారు. నా సమాధానం కాస్త నీరసంగా ఉంటుంది: అటారీ కంప్యూటరు, డాట్ టేపు.

1985లో వచ్చిన అటారీ ఎస్‌టీలో సంగీత పరికరాలను తగిలించుకునే మిడి రంధ్రాలు పెట్టెతోనే వచ్చేవి. 1990ల మొదట్లో ట్రాన్స్ చేసినవాళ్లలో ఎంతోమంది బల్ల మీద ఉన్నది అదే. ఆ కంప్యూటర్ గుండా శబ్దం వెళ్లేది కాదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్న ఆజ్ఞలు మాత్రమే వెళ్లేవి. శబ్దం బయట సింథసైజర్లలో పుట్టేది. అంటే తెర ముందు కూర్చున్న మనిషి ఎదుట ఉన్నవి స్వరాలే. చేయగలిగినదల్లా వాటిని పేర్చడం, మార్చడం, ఇంకో వరుస చేర్చడం. శబ్దాన్ని వెంట్రుకవాసి సవరించుకుందామన్నా తెర మీద శబ్దం కనిపించదే! ఇక మిక్సింగు బల్ల దగ్గర మీటలన్నీ చేత్తోనే. ట్రాక్ నడుస్తుండగా ఇద్దరు ముగ్గురు నిలబడి తిప్పుతూ టేపు మీదికి ఎక్కించేవారు. మర్నాడు బల్ల మీద వేరే ట్రాక్ పరిస్తే నిన్నటిది మళ్లీ రాదు. తప్పులతో సహా అదే మిగిలేది.

1999 నాటికి సింథసైజర్లే కంప్యూటర్ లోపలికి వచ్చేశాయి. శబ్దం తెర మీద అలగా కనిపించసాగింది. కనిపించేదాన్ని మనిషి దిద్దకుండా ఉండలేడు. నా మిత్రుడు ఒక్క బేస్ స్వరం మీద వారం రోజులు కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ఇప్పటి సైట్రాన్స్‌కు ఆయువుపట్టు దెబ్బ తర్వాత మూడు బేస్ ముక్కలు. నిమిషానికి 145 దెబ్బల వేగంలో ఒక్కో ముక్క సెకనులో పదో వంతు. ఆ పదో వంతులో స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ తెగాలో, దెబ్బ తోకకు తగలకుండా ఎలా ఉండాలో వాడికి తెలిసినంతగా నాకు నా అరచేయి తెలియదు. ఫలితం కత్తిలా ఉంటుంది, ఒప్పుకుంటాను. పెద్ద స్పీకర్ల ముందు నిలబడితే పొట్టలో తెలుస్తుంది. వారమంతా బేస్‌కే పోతే రాగానికి ఆదివారం సాయంత్రం మిగులుతుంది, అంతే నా బాధ.

ఇక డాట్. సోనీ 1987లో తెచ్చిన ఈ డిజిటల్ క్యాసెట్ అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. ఎండకు గ్రామఫోను రికార్డులు వంగిపోయే, ఇసుకా దుమ్మూ ఎగిరే గోవాలోని అంజునా తీరంలో రికార్డుల పెట్టెలు మోయడం మూర్ఖత్వం. అందుకని అక్కడి డీజేలు మొదట మామూలు క్యాసెట్లు, తర్వాత డాట్‌లు వాడారు. డాట్ యంత్రాలతో చిక్కేమిటంటే, రికార్డు ప్లేయర్‌లా వేగం పెంచి తగ్గించి రెండు ట్రాక్‌ల బీట్లను కలపడం కుదరదు. ఒకటి ముగిసేచోట ఇంకొకటి మొదలుపెట్టాలి. కాబట్టి ట్రాక్ మొదట్లో బీటు లేని పొగమంచు, చివర్లో మళ్లీ పొగమంచు ఉండాలి. ట్రాక్ మొదలై, పెరిగి, పండి, వాడిపోవాలి. దానంతటదే ఒక పూర్తి రచన కావాలి. ఇప్పటి ట్రాక్ చాలాసార్లు రైలు పెట్టె లాంటిది. ముందో పెట్టె, వెనకో పెట్టె ఉంటాయన్న ధీమాతో తయారవుతుంది. విడిగా వింటే ప్లాట్‌ఫారం మీద వదిలేసిన పెట్టెలా ఉంటుంది.

ఒక అడ్డంకి రూపాన్ని ఇచ్చింది, అడ్డంకి పోయాక రూపమూ పోయింది. ఇది చెబితే మిత్రుడు "అయితే మళ్లీ అటారీ కొనుక్కోమంటావా?" అని దెప్పుతాడు. అక్కర్లేదు. 2004లో బెల్జియంలో మొదలైన సన్‌ట్రిప్ రికార్డ్స్ అనే ఆల్బమ్‌ల సంస్థ చుట్టూ చేరినవాళ్లు అటారీలు లేకుండానే పాత పద్ధతిలో రాశారు. ఖెత్జాల్ 'కొరోల్' (2005), స్వీడన్‌కు చెందిన ఫిల్టీరియా 'హీలియోపోలిస్' (2006) పాతవాటి పక్కన తలెత్తుకుని నిలబడతాయి. 'కొరోల్' అయితే కొన్ని పాతవాటికంటే మేలే. అంటే తప్పు యంత్రానిది కాదు, మనిషి చూపు ఎటు తిరిగిందన్నదే. ఆ ఉద్యమంలోనూ నాకు చికాకు తెప్పించేవి ఉన్నాయనుకోండి. వరుస మీద వరుస పేర్చేసి ఊపిరాడకుండా చేయడమే గోవా అనుకునేవాళ్లు అందులో తక్కువేమీ కాదు.

పాతదాన్ని పొగిడేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది, పెద్దదే. గోవా ట్రాన్స్ అంటే ప్రాచీన భారతీయ ఆధ్యాత్మిక సంగీతానికి కొత్త అవతారమన్న మాట అభిమానుల్లో వేదవాక్యంలా చలామణి అవుతుంది. కాలిఫోర్నియా నుంచి వచ్చి అంజునాలో స్థిరపడిన గోవా గిల్ ఈ ఆలోచనకు పెద్ద ప్రచారకుడు. రాత్రంతా సాగే నృత్యం ఆదిమ తంతుకు పునరుద్ధరణ అని ఆయన నమ్మకం. 2023లో పోయాడు. ఇరవై నాలుగు గంటలు ఏకబిగిన వాయించిన మనిషి పట్ల గౌరవం ఉంది. వాదన పట్ల లేదు. 1980ల్లో అంజునా ఇసుకలో మోగినవేమిటి? లారాన్ అనే ఫ్రెంచి డీజే ఫ్రంట్ 242, కాబరే వోల్టేర్ లాంటి యూరపు బృందాల పాటల్లోంచి గొంతులు కత్తిరించి, వాయిద్య భాగాలను పొడిగించి చేసుకున్న క్యాసెట్లు. దీని తల్లివేరు బెల్జియం, జర్మనీ, ఇంగ్లండు ఫ్యాక్టరీ నగరాల్లో ఉంది. ఆల్బమ్ అట్టమీద శివుడు, మధ్యలో ఎక్కడో ఒక ఓంకారం, ట్రాక్ పేరు 'మహాదేవ'. ఇవి పైపూత. 'మహాదేవ' నాకు చాలా ఇష్టమైన ట్రాక్, దాని వరుస నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ అందులో మహాదేవుడు ఎక్కడున్నాడో చెప్పమంటే చెప్పలేను.

నిజంగా భారతీయ సంగీతమూ 303 కలిసిన చోటు వేరే ఉంది, ఆ కథలో అంజునా లేదు. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో తాళంలో వాయించి ఒక రికార్డు చేశారు. టీబీ-303, డ్రమ్ముల పెట్టె టీఆర్-808, సింథసైజర్ జూపిటర్-8, మూడూ రోలాండ్ పెట్టెలే. మొదటి రాగం భైరవ్, అంటే మన సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ మెట్లే. షికాగోలో యాసిడ్ పుట్టడానికి ఐదేళ్ల ముందు! ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. ఆయన నుంచి గోవా ట్రాన్స్ ఏమీ నేర్చుకోలేదు, నేర్చుకునే అవకాశమే రాలేదు. ఆ రికార్డు విన్న ప్రతిసారీ నాకు కాస్త కడుపు మండుతుంది. పేరు మాత్రం మన నేలది పెట్టుకున్నారు.

నిజమైన చుట్టరికం ఒకే ఒక్కచోట ఒప్పుకుంటాను. తీరంలో రాత్రంతా వాయించేవాళ్లు అర్ధరాత్రికి చీకటి, బరువైన ట్రాక్‌లు, సూర్యోదయానికి తేలికగా రెక్కలు విప్పే వరుసలు పెట్టేవారు. దీన్ని ఉదయపు ట్రాన్స్ అని విడిగా పిలుస్తారు. భూపాలం ఏ వేళకో తెలిసిన చెవికి ఇది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. వాళ్లు శాస్త్రం చదివి ఈ నియమం పెట్టుకోలేదు. వెలుతురు పడుతున్నప్పుడు చీకటి పాట ఇమడదని ఒళ్లే చెప్పి ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం అంజునా వెళ్లాను. తీరం వెంట ప్రతి గుడిసె హోటల్లోనూ స్పీకర్లు. ఒక్కదాంట్లోనూ నేను వెతుకుతున్నది లేదు. రాత్రి పదింటికి ఆరుబయట స్పీకర్లు కట్టేశారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి ఉదయం ఆరు దాకా నిషేధం. మర్నాడు బుధవారం సంతలో పూసలు అమ్ముతున్న ఒక పెద్దావిడతో మాటలు కలిశాయి. పార్టీల రోజుల్లో ఆవిడ చాయ్ అమ్మేదట. ఊరి ఆడవాళ్లు ఇసుకలో చాపలు పరిచి, కిరోసిన్ దీపం పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవారని నేను విన్నదే. ఆ పాటలు గుర్తున్నాయా అని ఆశగా అడిగాను.

"పాటలెక్కడివి బాబూ, జెనరేటరు మోత, దాని మీద ఇంకో మోత" అంది. తర్వాత కాస్త ఆగి, "ఒక్క చాయ్ కొని చాప మీద రాత్రంతా పడుకునేవారు. ఇంటికెళితే పిల్లలు నిద్రలేక బడికి పోమనేవారు" అంది.

ఆవిడకు డబ్బు వచ్చింది, నిద్ర పోయింది. నాకు ఎనిమిది నిమిషాల అద్భుతాలు వచ్చాయి. ఈ రెండింటినీ ఒక తక్కెడలో ఎలా వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లవార్లూ మోగించే హక్కు ఉండాల్సిందని వాదించే అభిమానుల పక్కన మాత్రం నేను కూర్చోలేను.

మత్తుమందుల ప్రస్తావన రాలేదేమిటని అడిగేవారుంటారు. ఎల్‌ఎస్‌డీ లేకుండా ఈ సంగీతం ఇలా పుట్టేది కాదు, కొన్ని ట్రాక్‌ల పేర్లే ఆ సంగతి దాచుకోవు. వినడానికి దాని అవసరం లేదు. నేను వినేది ఆదివారం పొద్దున హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఉతికిన బట్టలు మడతపెడుతూ. దుప్పటి మడతకూ 303 జారుకూ చక్కగా కుదురుతుంది.

పోయిన నెల మిత్రుడు ఒక ఫైలు పంపాడు. కింద ఒక్క వాక్యం: "నీ పరీక్ష కోసం." ఏడు నిమిషాల ట్రాక్. మొదటి మూడు నిమిషాలూ వాడి బేస్ వాడి గొప్పలు చెప్పుకుంది. నాలుగో నిమిషంలో బీటు తప్పుకుంది, వెనక నుంచి ఐదు స్వరాల చిన్న వరుస ఒకటి వచ్చింది, శుద్ధ రిషభం మీద కాసేపు నిలబడి కిందికి దిగింది. బాగానే ఉంది, ఇంకా రెండు వరుసలు చేరిస్తే బాగుండేదని జవాబు రాశాను. వాడు అలిగాడు.

నిన్న బట్టలు మడతపెడుతున్నాను. హెడ్‌ఫోన్లు లేవు, ఇంట్లో ఏ పాటా మోగడం లేదు. నా ముక్కులోంచి ఏదో వరుస వస్తోందని రెండు దుప్పట్లు అయ్యాక గమనించాను. ఐదు స్వరాలు. వాడికి ఇంకా చెప్పలేదు.